తవుడు నూనె, అవిసె నూనె, మా పాప మాటలు

మిర్యాలగూడ దగ్గర ఒక తవుడు నూనె మిల్లులో నేను కెమిస్టుని. పద్నాలుగేళ్లుగా అదే పని. కాపురం సూర్యాపేటలో. పొద్దున ఏడున్నర బస్సెక్కితే తొమ్మిదింటికి ల్యాబులో ఉంటాను. చుట్టుపక్కల రైస్ మిల్లుల నుంచి లారీల్లో తవుడు వస్తుంది. బియ్యం మీది నుంచి రాలిన కొన్ని గంటల్లోనే తవుడులోని నూనె చెడిపోవడం మొదలవుతుంది. ఎంత చెడిందో పరీక్ష చేసి, ఈ లారీ లోపలికి రావచ్చు, ఈ లారీ వద్దు అని చెప్పడం నా మొదటి పని. ఆ తర్వాత ట్యాంకుల్లోని నూనె, చివరికి ప్యాకెట్లలోకి వెళ్లే నూనె. సాయంత్రానికి చేతులకి, జడకి, చున్నీకి తవుడు వాసన పట్టేస్తుంది. బస్సులో పక్కన కూర్చున్నవాళ్లు ఒక్కోసారి కొంచెం జరిగి కూర్చుంటారు. నాకు ఆ వాసన తెలియడం మానేసి చాలా కాలమైంది.

పెళ్లైన దగ్గర్నుంచి మా ఇంట్లో వంటకి వాడింది మా మిల్లు నూనే. పాప కడుపులో ఉన్నప్పుడు ఎనిమిదో నెల దాకా డ్యూటీకి వెళ్లాను. ఇంటి నుంచి తెచ్చుకున్న అన్నం, కూర ల్యాబు వెనక గదిలో తినేదాన్ని. అప్పుడు నా తిండి గురించి నేను గానీ, ఇంట్లోవాళ్లు గానీ పెద్దగా ఆలోచించలేదు. కడుపుతో ఉన్న మనిషికి పెట్టాల్సినవన్నీ పెట్టారు, నేనూ తిన్నాను.

పాప ఏడాదిన్నరకి రెండు మాటలు అనేది. ఒకటి అమ్మ, ఇంకొకటి పాలు. రెండేళ్లు నిండేసరికి ఆ రెండూ పోయాయి. ఎప్పుడు పోయాయో చెప్పమంటే చెప్పలేను. ఒకరోజు మా ఆయన, "ఈ మధ్య పాలు అంటలేదు కదా," అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది, అమ్మ అని కూడా అనడం లేదని. పిలిస్తే తిరిగేది కాదు. చెవులు వినిపించడం లేదేమో అనుకున్నాం. కానీ పక్క గదిలో చాక్లెట్ కాగితం విప్పితే పరుగెత్తుకొచ్చేది. సీసా మూతలన్నీ పోగేసి గోడ వెంబడి వరసగా పెట్టేది. ఒక్క మూత జరిపినా గంటసేపు ఏడ్చేది.

సూర్యాపేటలో పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం. ఆవిడ నాలుగు సార్లు పిలిపించుకుని చూసింది. చెవుల పరీక్ష చేయించింది, రక్త పరీక్షలు రాసింది. ఆఖరికి ఆటిజం లక్షణాలున్నాయని చెప్పింది. మిర్యాలగూడలో మాట నేర్పే థెరపీ సెంటరు ఉందని, వారానికి రెండు రోజులు తీసుకెళ్లమని, ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిదని చెప్పింది. నేను రోజూ వెళ్లే ఊరే కాబట్టి అది కష్టమేమీ కాదు. వచ్చే సోమవారం నుంచి వస్తామని సెంటరుకి ఫోన్ చేసి చెప్పాను కూడా.

ఆ సోమవారం మేం వెళ్లలేదు. ఆ తర్వాత ఏడు నెలలు వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదో చెప్పాలంటే నూనె గురించి చెప్పాలి.

మా అత్తమ్మది తుంగతుర్తి వైపు ఊరు. గొర్లు, బర్లు ఉన్న ఇల్లు. మామయ్య పోయాక మా దగ్గరే ఉంటోంది. డాక్టరమ్మ చెప్పిన మాట ఆమెకి మా ఆయన వివరించాడు. ఆమె విని లేచింది. తర్వాత వంటింట్లోకి వచ్చి నూనె డబ్బా వైపు చెయ్యి చూపించింది.

"గిదంత గా మిల్లు నూనెతోనే అయింది బిడ్డా. కడుపుతోటి ఉన్నప్పుడు రోజు గదే తింటివి. మేమెప్పుడన్న గసొంటియి తిన్నమా?"

"తవుడు నూనెలో తప్పేం లేదు అత్తమ్మ. రోజూ నేనే పరీక్ష చేస్త," అన్నాను.

"నువ్వు చేసేది నూనె బాగున్నదా లేదా అని. పిల్లకు ఏమైతదని చేస్తున్నవా?"

ఆమె అడిగింది సరైన ప్రశ్నే. నా ల్యాబులో ఏ సీసా కూడా దానికి జవాబు చెప్పదు.

ఈ మాటల్లోనే సెంటరుకి వెళ్లాల్సిన సోమవారం దాటిపోయింది. అప్పటి నుంచి మా ఆయన ఫోన్‌లో వీడియోలు రావడం మొదలైంది. ఆయన పనిచేసే కరెంటు ఆఫీసులో ఎవరో పంపేవారు. ఒకటి చూస్తే దాని వెంట పది వస్తాయి. రిఫైన్డ్ నూనెలు మెదడుని ఎండబెడతాయని ఒకాయన చెప్పేవాడు. కొబ్బరినూనె తాగితే మాట వస్తుందని ఇంకొకావిడ చెప్పేది. నెయ్యి మానేసినందుకే ఈ కాలం పిల్లలకి ఇవన్నీ వస్తున్నాయని మరొకరు. "జర ఇది సూడు," అని ఆయన అన్నం తినేటప్పుడు ఫోన్ నా ముందు పెట్టేవాడు. వాటిలో సగం మాటలు తప్పని నాకు తెలుసు. మిగతా సగం తప్పని చెప్పలేను. మెదడులో ఎక్కువ భాగం కొవ్వే అన్నది నిజమే. బిడ్డ ఎదగడానికి కొన్ని కొవ్వులు తిండి ద్వారానే రావాలన్నదీ నిజమే. నిజం పక్కన నిలబెడితే అబద్ధం కూడా బాగానే కనిపిస్తుంది.

నేనూ చదవడం మొదలుపెట్టాను. మధ్యాహ్నం తిండి వేళ ల్యాబు వెనక గదిలో ఫోన్ పెట్టుకుని, తల్లి తిన్న కొవ్వులు, పిల్లల ఎదుగుదల అని ఇంగ్లీషులో వెతికేదాన్ని. చేపలు తిన్న తల్లుల గురించి ఒకచోట, చేపనూనె గుళికలు మింగిన పిల్లల గురించి ఇంకోచోట. ఒక వ్యాసం కొంచెం మేలు కనిపించిందనేది, ఇంకొకటి తేడా లేదనేది. రోజూ కొవ్వులతోనే పనిచేసే మనిషిని, నాకే తల తిరిగేది. కడుపుతో ఉన్న తొమ్మిది నెలల్లో ఎన్నిసార్లు చేపలు తిన్నానో వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. మొదటి మూడు నెలలు చేపల వాసనకే వాంతులయ్యేవి. అది గుర్తొచ్చి బాత్రూములోకి వెళ్లి ఏడ్చి, మొహం కడుక్కుని మళ్లీ ల్యాబులోకి వచ్చాను.

కోదాడలో చెక్క గానుగ నూనె అమ్మే ఒకాయన ఉన్నాడని, ఇలాంటి పిల్లలకి ఏం వాడాలో చెప్తాడని మా ఆయన ఆఫీసులో తెలిసింది. ఒక ఆదివారం పాపని తీసుకుని బండి మీద వెళ్లాం. పెద్ద రోడ్డు నుంచి లోపలికి తిరిగిన వీధిలో కొట్టు. లోపల కరెంటుతో తిరిగే గానుగ. బయట మెట్ల మీద చెక్క అరల్లో గాజు సీసాలు, ఎండ పడి మెరుస్తున్నాయి. ఆయనకి నలభై ఐదేళ్లుంటాయి. మెత్తగా మాట్లాడతాడు. మమ్మల్ని కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇచ్చి, పాపని కాసేపు చూశాడు.

"మెదడంటే కొవ్వేనండి. అందులోకి మంచి కొవ్వు వెళ్లకపోతే మాట ఎలా వస్తుంది?" అన్నాడు. "రిఫైన్డ్ పూర్తిగా ఆపేయండి. బయట వేయించినవి ఏవీ పెట్టకండి. పొద్దున ఒక చెంచా, సాయంత్రం ఒక చెంచా అవిసె నూనె. వంటకి నువ్వుల నూనె. ఆరు నెలలు ఓపిక పట్టండి. మా అమ్మాయికి కూడా అదే వాడుతున్నాం."

అప్పుడు చూశాను, గానుగ పక్కన అవిసె గింజల బస్తా దగ్గర ఒక అమ్మాయి కూర్చుని ఉంది. పదేళ్లుంటాయి. గింజల్లో చెయ్యి ముంచి, పైకెత్తి, వేళ్ల సందుల్లోంచి జారవిడుస్తోంది. మళ్లీ ముంచుతోంది.

"ఇప్పుడెలా ఉంది?" అని అడిగాను.

"చాలా నయమండి. పిలిస్తే చూస్తుంది." ఆయన ఆ అమ్మాయిని పిలిచాడు. ఆ అమ్మాయి చూడలేదు. ఇంకోసారి పిలిచాడు. "ఆటలో ఉంది ఇప్పుడు," అన్నాడు.

నేను చూశాను, మా ఆయనా చూశాడు. అయినా ఆరు సీసాలు కొనుక్కుని వచ్చాం. ఆ సంగతి ఇప్పుడు తలచుకుంటే నాకే వింతగా ఉంటుంది. కానీ ఆ రోజు ఆయన మాట నమ్మడం సులువు. థెరపీ అంటే ఎన్నేళ్లో చెప్పలేం అంది డాక్టరమ్మ. ఈయన ఆరు నెలలన్నాడు. పైగా, ఇంటికి రాగానే మా ఆయన అన్న మాట ఒకటుంది. "ముందు ఇది చూద్దాం. రెండు ఒక్కసారి పెట్టుకుంటే దేంతోని నయమైందో ఎట్ల తెలుస్తది?" నేను చదివిన చదువులో చెప్పే మాటే అది. ఒక్కసారికి ఒక్కటే మార్చి చూడాలి. మిర్యాలగూడ సెంటరుకి ఫోన్ చేసి ఆరు నెలల తర్వాత వస్తామన్నాను. అవతల ఫోన్ ఎత్తిన అమ్మాయి, "ఎందుకు మేడం?" అని అడిగింది. ఇంట్లో వీలుపడడం లేదని చెప్పాను.

అప్పటికి మా పాప తినేవి మూడే. పెరుగన్నం, ఒక రకం బిస్కెట్టు, పిల్లలు వేళ్లకి తొడుక్కుని తినే పసుపు గొట్టాలు. గొట్టాలు బయట నూనెలో వేయించినవి కాబట్టి ఆపేశాం. బిస్కెట్టులో ఏ నూనె ఉందో చదివి అదీ ఆపేశాం. అవిసె నూనె చెంచాతో పడితే ఉమ్మేసేది. అందుకని పెరుగన్నంలో కలిపాం. రెండు రోజులు ముద్ద నోట్లో పెట్టుకుని బయటికి తీసేసింది. మూడో రోజు పెరుగన్నం గిన్నె చూడగానే మొహం తిప్పుకుంది. ఆ తర్వాత నూనె కలపకుండా పెట్టినా ముట్టలేదు. అలా పెరుగన్నం పోయింది.

ఇక పాలు, అరటిపండు ముక్కలు. అవి కూడా బతిమాలితే. నూనె మాత్రం ఆపలేదు. ఒకరు చేతులు పట్టుకునేవారు, ఒకరు చెంచా పెట్టేవారు. పట్టుకున్న చేతుల్లో నావి కూడా ఉన్నాయి. చాలాసార్లు కక్కేసేది. కడుపు కదిలి విరేచనాలయ్యేవి. గౌను భుజాల మీది నుంచి జారిపోతుంటే పిన్ను పెట్టేదాన్ని. "కొత్తగ పడుతున్నది కదా, అలవాటైతది," అనేది అత్తమ్మ. కానీ ఆమె గొంతులో ముందున్న ధైర్యం లేదు. పాప మన వైపు చూడడం పెరిగిందని మా ఆయన ఒకటి రెండుసార్లు అన్నాడు. నేనూ అలాగే అనుకోవాలని ప్రయత్నించాను. నిజానికి పాప మమ్మల్ని చూడగానే గది మూలకి వెళ్లిపోయేది. చెంచా వస్తుందేమోనని.

ఎండలు ముదిరాక ఒక ఆదివారం పొద్దున, పాప పళ్లు బిగబట్టి నోరు తెరవకపోతే, విసుగొచ్చి ఆ చెంచా నా నోట్లోనే పెట్టుకున్నాను. "ఇగో, అమ్మ తాగింది చూడు," అని చూపిద్దామని. నాలుక మీద పడగానే చేదు. గొంతులో గీరినట్టు మంట. అవిసె నూనెకి కొంచెం చేదు ఉంటుంది, కానీ ఇది ఆ చేదు కాదు. ముక్కు తవుడుకి మొద్దుబారిందేమో గానీ నాలుకకి తెలిసింది. ఇది చెడిపోయిన నూనె.

ఆరు నెలలకి పైగా ఆ నూనె నా బిడ్డ నోట్లో పోశాను. ఒక్కసారి కూడా రుచి చూడలేదు. ఊళ్లోని తవుడంతా పరీక్ష చేసే మనిషిని, మా వంటింట్లోని సీసాని పరీక్ష చేయాలని తోచలేదు. మందు అనుకున్నాం కాబట్టి, మందు చేదుగానే ఉంటుందని అనుకున్నాను కాబోలు.

సోమవారం ఆ సీసాని సంచిలో పెట్టుకుని మిల్లుకి తీసుకెళ్లాను. లారీలన్నీ అయ్యాక, మధ్యాహ్నం నా పరీక్ష మొదలుపెట్టాను. నూనె గాలికి, వెలుతురుకి ఎంత చెడిందో చూసే పరీక్ష ఒకటుంది. నూనెలో మందులు కలిపితే ముదురు నీలం వస్తుంది. పైనుంచి ఇంకో మందు చుక్కచుక్కగా వదులుతుంటే ఆ నీలం పోవాలి. మంచి నూనెకి కొన్ని చుక్కలకే పోతుంది. నేను వదులుతూనే ఉన్నాను. గాజు గొట్టం ఖాళీ అవుతోంది, నీలం పోవడం లేదు. మళ్లీ నింపి వదిలాను. తప్పు చేశానేమో అని ఇంకో రెండుసార్లు చేశాను. మూడుసార్లూ అంతే. అది మా మిల్లుకొచ్చిన ట్యాంకరైతే గేటు దగ్గర్నుంచే వెనక్కి పంపేదాన్ని.

అవిసె నూనె మంచిదే. కానీ చాలా త్వరగా చెడిపోతుంది. చల్లగా, చీకట్లో, మూత బిగించి ఉంచాలి. తెరిచాక తొందరగా వాడేయాలి. ఆ సీసాలు మెట్ల మీద ఎండలో ఉన్న సంగతి నేను ఆ రోజే చూశాను. చూసి కూడా కొన్నాను. తెచ్చాక పొయ్యి పక్కన అరలో పెట్టాను.

ఫలితం రాసుకున్న కాగితం పట్టుకుని కూర్చున్నప్పుడు ఇంకో సంగతి కూడా తెలిసింది. ఈ పరీక్ష నూనె పాతదని చెప్తుంది. నా కూతురికి మాట ఎందుకు రాలేదో చెప్పదు. ఈ నూనె మంచిగా ఉండి ఉంటే మాట వచ్చేదేమో అని కూడా చెప్పదు.

మర్నాడు సెలవు పెట్టి పాపని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ పాప బరువు చూసి, చీటీ వెనక్కి తిప్పి పాత బరువు చూసి, నా మొహం వంక చూసింది. జరిగినదంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"థెరపీకి పోలేదా?" అని మాత్రం అడిగింది.

"పోలేదు మేడం."

కాసేపు రాసుకుంది. నేను అడగాలనుకున్నది అప్పుడు అడిగాను. "నేను తిన్న నూనె వల్ల అయిందా మేడం?"

ఆవిడ పెన్ను కింద పెట్టింది. "మీరు కెమిస్టు కదా, ఉన్నదున్నట్టు చెప్త. తల్లి తినే కొవ్వులకి, బిడ్డ మెదడు ఎదగడానికి సంబంధం ఉంది. దాని మీద చాలామంది పని చేస్తున్నరు. కొందరికి కొంచెం తేడా కనిపించింది, కొందరికి కనిపించలేదు. కనిపించిన చోట కూడా, అది ఆ కొవ్వు వల్లనా, ఆ తల్లులు మిగతావి కూడా బాగా తినడం వల్లనా తేల్చడం కష్టం. ఫలానా నూనె తింటే ఆటిజం వస్తదని చెప్పేటంత ఆధారం నేను చూడలేదు. ఫలానా నూనె తాగితే పోతదని అసలే చూడలేదు."

"మరి మా పాపకి ఎందుకొచ్చింది?"

"చాలావరకు పుట్టుకతోని వచ్చేదే. ఒక్క కారణం ఉండదు. మీ పాపకి ఎందుకొచ్చిందని అడిగితే నాకు తెల్వదమ్మా."

తెలియదు అని ఒక డాక్టరు చెప్పడం నేను అదే మొదటిసారి విన్నాను. ఎందుకో ఆ మాటకి నాకు కొంచెం ఊపిరాడింది.

"ముందు ఆ గొట్టాలు పెట్టండి," అంది ఆవిడ. "బిస్కెట్లు పెట్టండి. ఏది తింటే అది. కొంచెం బరువు పెరిగినంక మిగతాది చూద్దాం. నూనె ఏదైనా పర్వాలేదు, పాతది వద్దు. థెరపీకి ఈ వారమే పోండి."

దవాఖాన బయట కొట్టులో గొట్టాల ప్యాకెట్టు కొని ఇచ్చాను. పాప అక్కడే మెట్ల మీద కూర్చుని ప్యాకెట్టంతా తినేసింది.

ఇంటికొచ్చి అత్తమ్మకి అంతా చెప్పాను. నూనె చెడిపోయిందని, నీలం పోలేదని, డాక్టరమ్మ ఏమందో కూడా. ఆమె చింతచిగురు దూస్తూ వింది. పుట్టుకతో వచ్చేదని చెప్పగానే చేతులు ఆగిపోయాయి. మరుసటి రోజు సాయంత్రం నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి గుమ్మం దగ్గర కూర్చుని ఉంది.

"నీకొకటి చెప్పాలె బిడ్డా," అంది. "మా చిన్న మరిది లేడా, గొర్లకాడికి పోయేటోడు. వాడు ఆరేండ్లు వచ్చినంక మాట్లాడిండు. అప్పటిదాక పిలిస్తే పలకకపోతుండె. ఎవ్వలి మొకం సూడకపోతుండె. రాళ్లు తెచ్చి వరసగ పెట్టుకుంట కూసుంటుండె."

నేను సంచి కింద పెట్టి ఆమె పక్కన కూర్చున్నాను. మా ఆయన చిన్నాన్న గురించి నాకు తెలిసింది ఇంతే. పెళ్లి చేసుకోలేదని, ఎక్కువ మాట్లాడడని, గొర్రెల రోగాలన్నీ తెలిసిన మనిషని, చాలా ఏళ్ల కింద పోయాడని.

"అప్పుడు మీ ఇంట్లో ఏం నూనె వాడేవాళ్లు అత్తమ్మ?"

"ఏం నూనె. చేన్ల పండిన కుసుమలు పట్టిచ్చుకునేది. ఇంట్ల బర్రె నెయ్యి. గీ ప్యాకెట్లు అప్పుడెక్కడియి?"

"మరి ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదు?"

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "చెప్తే మా ఇంటి నెత్తురు మీదికి వస్తదని భయమైంది. నా కొడుకు మీదికి వస్తది. నూనె మీదికైతే ఎవ్వలికేం కాదనుకున్న." కొంచెం ఆగి, "నీ మీదికి వస్తదని సోంచాయించలే," అంది.

నాకు కోపం వచ్చింది. ఏడు నెలలుగా నేను మోసింది ఒక్కసారిగా కళ్ల ముందు తిరిగింది. లేచి లోపలికి వెళ్లిపోయాను. ఆ రోజు ఆమెతో మాట్లాడలేదు, మరుసటి రోజూ మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున నేను బస్సుకి బయల్దేరుతుంటే, ఆమె పాపకి చెప్పులు వేస్తూ కనిపించింది. థెరపీ రోజు అది. "నేను సుత వస్త," అంది. "నువ్వు మిల్లుకు పోయినంక పిల్లను ఎవ్వలు పట్టుకోవాలె?" సరే అన్నాను. బస్సులో ముగ్గురం ఒకే సీట్లో కూర్చున్నాం. మిర్యాలగూడ వచ్చేసరికి కోపం పూర్తిగా పోలేదు గానీ, మాట్లాడుకునేంతకి తగ్గింది. నెత్తురు అన్నా తప్పు మోయడమే కదా, అది ఎవరూ మోయనక్కర్లేదని అన్నాను, ఒక్క కారణం ఉండదని డాక్టరమ్మ చెప్పిన మాట ఆమెకి మళ్లీ చెప్పాను.

తర్వాతి ఆదివారం కోదాడ వెళ్దామన్నాను. మా ఆయన వద్దన్నాడు. "ఇగ కొనకపోతే ఖతం కదా. పోయి లడాయి ఎందుకు?" లడాయికి కాదని, అక్కడికి ఇంకా ఎవరెవరో పిల్లల్ని తీసుకొస్తుంటారని చెప్పాను. వచ్చాడు.

నేను పరీక్ష సంగతి చెప్తే కొట్టాయన మొహం మారింది. "మీది రిఫైన్డ్ మిల్లు కదండీ. మీరలాగే చెప్తారు," అన్నాడు.

"మా నూనె కొనమని చెప్పడానికి రాలేదండి. మీ నూనే, ఇప్పుడు పట్టింది ఒక చుక్క, బయట ఎండలో ఉన్నది ఒక చుక్క నాలుక మీద వేసుకుని చూడండి."

ఆయన కదల్లేదు. లోపల్నుంచి వాళ్లావిడ వచ్చింది. మాటలన్నీ విన్నట్టుంది. గానుగ కింద గిన్నెలోని నూనె ఒక చెంచాలో, మెట్ల మీది సీసాలోని నూనె ఇంకో చెంచాలో పోసి ఆయన చేతికిచ్చింది. ఆయన మొదటిది రుచి చూశాడు. నీళ్లు పుక్కిలించి రెండోది చూశాడు. చాలాసేపు గొంతు సవరించుకుంటూ నిలబడ్డాడు.

"ఎండలో పెడితే ఇంత తేడా వస్తుందాండీ?" అన్నాడు.

"వస్తుంది. అవిసె నూనెకైతే మరీనూ."

ఆయన సీసాలన్నీ ఒక్కొక్కటిగా తీసి లోపల నేల మీద పెట్టడం మొదలుపెట్టాడు. మా ఆయన వెళ్లి సాయం చేశాడు. ఆయన మోసం చేసే మనిషి కాదని అప్పుడు అర్థమైంది. కూతురి కోసం గానుగ పెట్టుకుని, అదే అందరికీ చెప్తున్నాడు. వాళ్ల అమ్మాయి బస్తా దగ్గర ఎప్పటిలాగే గింజలు జారవిడుస్తోంది.

మేం బండి దగ్గరికి వచ్చాక వాళ్లావిడ వెనకే వచ్చింది. "మాట నేర్పే చోటు ఉందన్నారు కదండీ, మా అమ్మాయిని చేర్చుకుంటారా? పదకొండు నడుస్తోంది. ఇప్పటిదాకా ఎక్కడికీ తీసుకెళ్లలేదు. నూనెతోనే తగ్గుతుందన్నారు ఈయన." నేను సెంటరు చిరునామా చెప్పాను. ఆవిడ చేతిలో ఫోన్ లేదు. అరచేతి మీద పెన్నుతో రాసుకుంది.

థెరపీలో మొదట నేర్పింది పాపకి కాదు, మాకు. పాపకి కావాల్సింది చేతిలో పట్టుకుని, కళ్ల ఎత్తులో చూపించి, ఒక మాట చెప్పి, ఆగాలి. ఆగడమే కష్టం. మా అత్తమ్మకి మరీ కష్టం, ఆమె మాట ఆగకుండా మాట్లాడే మనిషి. కానీ మా ముగ్గురిలో ముందు నేర్చుకున్నది ఆమే. గొర్రెపిల్ల తల్లి దగ్గరికి రాకపోతే ఎంతసేపైనా కదలకుండా కూర్చోవాలి, ఇదీ గంతే, అనేది. వారానికి రెండు రోజులు మిల్లుకి ఆలస్యంగా వెళ్లడానికి మేనేజరు ఒప్పుకున్నాడు. మిగతా రోజుల్లో ఇంట్లో ఆమే చేయించేది.

అయిదు నెలలకి మొదటి మాట వచ్చింది. అత్తమ్మ బంతి పట్టుకుని కూర్చుంటే పాప చెయ్యి చాపి "ఇయ్యి" అంది. థెరపీలో చెప్పేది ఇవ్వు అని. ఇంట్లో విన్నది ఇయ్యి అని. పాపకి ఇంటిదే పట్టింది.

కోదాడ తల్లి కూడా కూతుర్ని తీసుకుని హుజూర్‌నగర్ మీదుగా బస్సులో వచ్చేది. ఆ అమ్మాయికి ఇప్పటికీ మాట రాలేదు. ఆలస్యమైందా, ముందే వచ్చినా ఇంతేనా అని ఆవిడ ఒకరోజు అడిగింది. నాకు తెలియదని చెప్పాను. కానీ బొమ్మల కార్డులు చూపించి కావాల్సింది అడగడం ఆ అమ్మాయి నేర్చుకుంది. ఒకరోజు బస్సు బొమ్మ తీసి తల్లి చేతిలో పెట్టి, తర్వాత కిటికీ బొమ్మ పెట్టింది. ఇన్నాళ్లూ బస్సులో గొడవ చేసేది కిటికీ పక్కన సీటు కోసమని అప్పుడు తెలిసింది. ఆవిడ ఆ రెండు కార్డులు తెచ్చి నాకు చూపించింది. కొట్టాయన ఇప్పుడు అవిసె నూనె అడిగినవాళ్లకి మాత్రమే పట్టి ఇస్తాడట. పిల్లలకి మాట వస్తుందని చెప్పడం మానేశాడు.

మా ఇంట్లో ఇప్పుడు ఒక నెల తవుడు నూనె, ఒక నెల పల్లి నూనె. వారానికోసారి చేపలు, పాప తినదు, మేం తింటాం. మిల్లులో ప్యాకింగు దగ్గర పనిచేసే ఒక అమ్మాయి కడుపుతో ఉంది. మొన్న నా దగ్గరికి వచ్చి, "అక్కా, పిల్ల మంచిగ పుట్టాలంటే ఏ నూనె తినాలె?" అని అడిగింది. చేపలు దొరికితే తిను, పల్లీలు, నువ్వులు, గుడ్లు, ఆకుకూరలు తిను, పాత నూనె మళ్లీ మళ్లీ కాచింది తినకు, డాక్టరు ఇచ్చిన గోలీలు మానకు అని చెప్పాను. ఇంత చెప్పి, "దీంతోనే పిల్ల ఎట్లుంటదో అనేది ఉండదు. ఏమన్నా అయితే నువ్వు తిన్నదాని మీద వేసుకోకు," అన్నాను. ఆమెకి ఆ చివరి మాట ఎందుకన్నానో అర్థం కాలేదనుకుంటాను. తల ఊపి వెళ్లిపోయింది.

పాపకి ఏడేళ్లు. మామూలు బడిలో ఒకటో తరగతి. మూడు నాలుగు మాటలు కలిపి మాట్లాడుతుంది. కొత్తవాళ్లతో మాట్లాడదు. ఎక్కాలు పన్నెండు దాకా చెప్తుంది, ఎందుకు ఏడుస్తున్నావంటే చెప్పలేదు. పోయిన నెల టీచరు పిలిపిస్తే వెళ్లాను. పాఠం జరుగుతుంటే మధ్యలో లేచి, ఇంకా ఎన్ని పేజీలున్నాయో గట్టిగా లెక్కపెడుతోందని చెప్పింది. మిగతా పిల్లలు కూడా లెక్కపెట్టడం మొదలుపెట్టారట. పాఠం మొదట్లోనే ఎన్ని పేజీలో బోర్డు మీద రాసేస్తే ఊరుకుంటుందేమో చూడమన్నాను. టీచరు రెండు రోజులు అలా చేసి చూసి ఫోన్ చేసింది. ఇప్పుడు బోర్డు మీద ఆ అంకె రాసే పని పాపకే ఇచ్చారట.